ముందు చీర, తర్వాత మగ్గం



పోచంపల్లి చీర మీకు తెలిసిందే. దగ్గర నుంచి చూడండి. పువ్వు అంచు కొంచెం చెదిరినట్టు ఉంటుంది. అది నేతలో తప్పు కాదు. ఆ చీర గుర్తే అది.

అచ్చు చీరను ముందు నేస్తారు. తర్వాత పువ్వు అద్దుతారు. పోచంపల్లి చీర అట్లా కాదు. నేయక ముందే దారానికి రంగు వేస్తారు. దారాన్ని అక్కడక్కడ గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. ఇంకో రంగు కావాలంటే మళ్లీ కట్టాలి, మళ్లీ ముంచాలి, మళ్లీ ఆరబెట్టాలి.

ఇప్పుడు చెప్పండి, ఈ చీర నేసే ఇల్లు ఎట్లా ఉండాలి? రంగులకు నీళ్లు కావాలి. ఆరబెట్టడానికి చోటు కావాలి. పడుగు సాగదీయడానికి పొడుగాటి జాగా కావాలి. గుంట మగ్గమైతే నేలలో గుంట తవ్వాలి. నేసే మనిషి కాళ్లు అందులో ఆడాలి. అంబర్‌పేటలో మేడ మీద గది అద్దెకు తీసుకుని గుంట తవ్వుతామంటే ఇంటాయన ఊరుకుంటాడా? అదే గదిలో లంగాలు కుట్టాలనుకుంటే రెండు కుట్టు మిషన్లు, మంచి వెలుతురు చాలు. అందుకే గదికి అడ్వాన్సు ఇవ్వక ముందే ఏం తయారు చేయాలో తేల్చుకోవాలి. చాలామంది ముందు గది చూస్తారు. తర్వాత తిప్పలు పడతారు.

చీర కోసం చోటు ఒక్కటే చూస్తే సరిపోదు. చేసే మనిషి ఒళ్లు కూడా చూడాలి.

అంబర్‌పేట నుంచి రామంతాపూర్, ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు మీద పోతే భువనగిరి, ఆ తర్వాత ఆలేరు వస్తాయి. ఆలేరు దగ్గర శారాజీపేట అని ఒక ఊరు. అక్కడ చింతకింది లక్ష్మి అనే అమ్మ ఆసు పోసేది. ఆసు అంటే పేక దారాన్ని రంగుకు సిద్ధం చేసే పని. కొయ్య చట్రం మీద మేకులు సగం చందమామలా వంపుగా ఉంటాయి. మధ్యలో ఒక మేకు. అక్కడి నుంచి వంపులోని ప్రతి మేకుకూ దూరం ఒక్కటే. అందుకే పోగులన్నీ ఒకే పొడవు వస్తాయి. ఏర్పాటు తెలివైనదే. కానీ చెయ్యి అటూ ఇటూ తిరుగుతూనే ఉండాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు! నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలకు పోస్తే చెయ్యి 18,000 సార్లు కదలాలి. భుజం లాగేది. నొప్పితో ఆమె, "ఇంక నాతోని కాదు బిడ్డా" అన్నట్టే ఉండేది.

ఈ పని చాలా ఇళ్లలో ఆడవాళ్లదే. చీర అందాన్ని అందరూ మెచ్చుకున్నారు. ఈ భుజం లెక్క మాత్రం ఎవరూ కట్టలేదు.

ఆమె కొడుకు మల్లేశం కట్టాడు. అతని బడి చదువు మధ్యలోనే ఆగింది. 1992లో ఆసు యంత్రం మొదలుపెట్టాడు. డబ్బులు అయిపోయాయి, అప్పులయ్యాయి. పని కోసం హైదరాబాద్ వచ్చాడు. అయినా వదలలేదు. 1999లో యంత్రం పూర్తయింది. దానికి అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో ప్రభుత్వం అతనికి పద్మశ్రీ ఇచ్చింది.

ఒక సంగతి గమనించండి. పువ్వు తగ్గించి, రంగులు తగ్గించి సులువైన చీర చేద్దామని అతను అనలేదు. చీర అదే. మారింది ఇంట్లో పని జరిగే తీరు. అమ్మ కూర్చునే మూలకు యంత్రం వచ్చింది. దానికి కరెంటు ప్లగ్గు కావాలి. నాలుగైదు గంటల పని గంటన్నరలో అవుతుంది. యంత్రం తిరుగుతుంటే పక్కన కూర్చుని చూసుకుంటే చాలు. పోగు తెగితే ముడి వేయాలి.