కార్డు జేబులోనే ఉంది, దవాఖానకు ఎందుకు పోము?



ఈసారి జబ్బులు, దవాఖాన ఖర్చుల మీద మాట్లాడమని కమిటీ వాళ్ళు అడిగారు. నేను డాక్టరును కాను, ఇన్సూరెన్స్ ఏజెంటును అంతకన్నా కాను. సైటు మీద సూపర్‌వైజరును. పొద్దున హాజరు తీసుకునేటప్పుడు ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు అని అడిగేది నేనే. అందుకని జ్వరమొస్తే మనోళ్ళు ఏం చేస్తారో బాగానే తెలుసు. మొదట రూములో ఎవరి దగ్గరైనా గోళీ ఉందా అని అడుగుతారు. తగ్గకపోతే సెలవు నుంచి వచ్చేవాడితో ఊరి మెడికల్ షాపు మందులు తెప్పించుకుంటారు. అప్పటికీ తగ్గకపోతే జీతం పడేదాకా ఆగుతారు. జేబులో బీమా కార్డు ఉండగానే ఇదంతా.

ఎందుకు పోవురా అంటే "పైసలు ఎంతయితయో అన్నా" అంటారు. ఎంతవుతాయో చెబుతాను, వినండి.

దుబాయిలో 2013 నాటి 11వ నంబరు చట్టం ప్రకారం ప్రతి కార్మికుడికి ఆరోగ్య బీమా చేయించాల్సింది కంపెనీ. ఆ ఖర్చు మన జీతంలో కోయకూడదు. అబుదాబిలో అంతకంటే ముందే ఉంది. షార్జా, అజ్మాన్, రాస్ అల్ ఖైమా వైపు మాత్రం మొన్నటిదాకా లేదు. 2025 జనవరి 1 నుంచి అక్కడ కూడా కొత్త వీసాకైనా, రెన్యువల్‌కైనా బీమా తప్పనిసరి అయింది. అక్కడి బేసిక్ పాలసీ ఏడాదికి 320 దిర్హాములు. అదీ కంపెనీయే కట్టాలి. ఎవరైనా మీ దగ్గర కోస్తే జీతం స్లిప్పు దాచిపెట్టుకోండి.

దుబాయిలో 4,000 దిర్హాముల లోపు జీతం ఉన్నవాళ్ళకు వచ్చే బేసిక్ పాలసీకి ఏడాదికి 1,50,000 దిర్హాముల పరిమితి ఉంది. డాక్టరుకు చూపించుకుంటే బిల్లులో 20 శాతం మనది, అంటే వంద అయితే ఇరవై. అదే జబ్బుకు వారం లోపల మళ్ళీ పోతే ఆ ఇరవై కూడా అడగరు. మందుల్లో 30 శాతం మనది, వాటికి ఏడాదికి ఒక హద్దు ఉంటుంది. మంచం మీద పెట్టి చికిత్స చేస్తే కూడా 20 శాతమే, కానీ ఒక్కసారికి 500 దిర్హాములు, ఏడాది మొత్తానికి 1,000 దాటి మన దగ్గర తీసుకోరు. పాలసీ ఒప్పుకున్న చికిత్స అయితే ఎంత పెద్ద ఆపరేషన్‌కైనా ఇదే లెక్క. ఊరి నుంచి మందులు తెప్పించుకునే ఖర్చు కన్నా ఇరవై దిర్హాములు ఎక్కువా?

ఒక చిక్కు ఉంది. ఈ కార్డు అన్ని దవాఖానల్లో నడవదు. పాలసీ నెట్‌వర్క్‌లో ఉన్న క్లినిక్‌కే పోవాలి, ముందు మామూలు డాక్టరుకే చూపించుకోవాలి. ఆయన రాసిస్తేనే స్పెషలిస్టు దగ్గరికి. అద్దాల తలుపుల పెద్ద దవాఖానకు నేరుగా పోతే కార్డు పనిచేయదు, మొత్తం చేతి నుంచి పడుతుంది. మనోళ్ళు ఒక్కసారి అట్లా దెబ్బతిని "ఈ కార్డు ఉత్తదే" అని ప్రచారం చేస్తారు. కార్డు ఉత్తది కాదు, పోయిన తలుపు వేరు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం నెట్‌వర్క్ గురించి ఆలోచించొద్దు, 998కి ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తుంది.

ఇంకొకటి, షుగరు, బీపీ దాచడం. బీమా ఫారంలో రాస్తే ఉద్యోగం పోతుందని భయం. దుబాయి బేసిక్ పాలసీలో మొదటిసారి చేరినవాళ్ళకు పాత జబ్బుల మామూలు చికిత్స ఆరు నెలల తర్వాతే మొదలవుతుంది, అంతవరకు ఎమర్జెన్సీ అయితేనే చూస్తారు. ఆరు నెలలు ఓపిక పడితే ఏళ్ళ తరబడి మందులు దొరుకుతాయి. దాచిపెడితే రేపు పెద్ద బిల్లు వచ్చినప్పుడు కంపెనీ వాడు పాత కాగితాలు తిరగేసి కాదంటాడు. ఎండాకాలం షుగరు, బీపీ ఉన్నవాళ్ళకు మరీ ప్రమాదం. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడి నియమం. ఆ టైములో కూడా నీళ్ళు తాగకుండా పడుకునేవాళ్ళను చూస్తుంటా. కిడ్నీలో రాళ్ళు అన్నవాళ్ళను అడిగితే సగం మంది పొద్దంతా ఒక్క బాటిలే తాగారంటారు. బాత్రూమ్ దూరమని తాగరు. సైటులో బాత్రూమ్ దూరంగా పెట్టేది మాలాంటి వాళ్ళమే, దాని మీద మాట్లాడాల్సింది వేరే ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. పని మీద తగిలిన దెబ్బ.

ఇది బీమా కార్డు కిందికి రాదు. బేసిక్ పాలసీలోనే పని ప్రమాదాలు మినహాయింపు అని ఉంటుంది. వాటి ఖర్చు కార్మిక చట్టం ప్రకారం కంపెనీ భరించాలి. ఇక్కడే మనోళ్ళకు నష్టం జరుగుతుంది. ఇంతకుముందు నేను పనిచేసిన ఒక సైటులో షట్టరింగ్ కార్పెంటర్ ఒకతను పలక జారి పడ్డాడు, చీలమండ విరిగింది. క్యాంపు ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, "రూములో బాత్రూమ్‌లో జారినా అని చెప్పు, కార్డు మీద ఉచితంగా అయిపోతుంది" అన్నాడు. మాటలు మంచిగానే ఉన్నాయి. కానీ అట్లా చెబితే అది మామూలు జబ్బు అవుతుంది. మామూలు జబ్బుకు, ప్రొబేషన్ దాటినవాళ్ళకు, మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత 30 రోజులు సగం, ఆ తర్వాత 45 రోజులు ఏమీ లేదు. పని ప్రమాదం అయితే 2021 నాటి 33వ నంబరు చట్టం ప్రకారం చికిత్స ఖర్చంతా కంపెనీది, బాగయ్యేదాకా ఆరు నెలల వరకు పూర్తి జీతం, ఇంకా బాగు కాకపోతే మరో ఆరు నెలలు సగం జీతం. అంగవైకల్యం మిగిలితే పరిహారం వేరే. ప్రాణం పోతే కుటుంబానికి 24 నెలల బేసిక్ జీతం, అది 18,000 దిర్హాములకు తగ్గకూడదు, 2,00,000 దాటదు. ఒక్క "బాత్రూమ్" మాటతో ఇదంతా పోతుంది.

ఆ తమ్ముడి విషయంలో అదే షిఫ్టులో ప్రమాదం రిపోర్టు రాయించాం. పలక ఫోటో, చూసిన ఇద్దరి పేర్లు, టైము. దవాఖానలో డాక్టరు అడిగితే సైటులో పడ్డానని చెప్పమన్నాం. ఆఫీసుకు కోపం వచ్చింది, మా మీద గొణిగారు. కానీ కాలు పట్టీ విప్పేదాకా అతని జీతం ఆగలేదు. భాష రాని కాగితం మీద సంతకం అడిగితే "మా సూపర్‌వైజరుకు చూపించి చేస్తా" అనండి. సూపర్‌వైజరే చేయమంటే ఈ ఫోరంలో ఎవరికైనా ఫోటో తీసి పంపండి.

కుటుంబం ఇక్కడ ఉన్నవాళ్ళు తక్కువ. వాళ్ళ బీమా వీసా ఇచ్చిన భర్తే చేయించాలి, పాలసీ కొనేముందు కాన్పు ఖర్చు ఎంతవరకు ఇస్తారో చదువుకోండి. మనలో ఎక్కువ మందికి భార్యాపిల్లలు, అమ్మానాన్నలు ఊరిలోనే. ఇక్కడి కార్డు వాళ్ళకు పనికిరాదు. వాళ్ళకు ఆరోగ్యశ్రీ ఉంది. 2007లో మొదలైన ఆ పథకం పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి 10 లక్షలు చేశారు. ఆంధ్రాలో అదే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, అక్కడ పరిమితి 25 లక్షలు. అయినా ఊరి నుంచి ఫోన్ వస్తుంది, నాన్నకు స్టెంటు వేయాలి, రెండు లక్షలు పంపు అని. వడ్డీకి తెచ్చి పంపిస్తాం. పంపేముందు ఒక్క మాట అడగండి: ఆ దవాఖాన పథకంలో ఉందా, అక్కడ ఆరోగ్యమిత్ర కౌంటరులో అడిగారా? బయట పైసలు కట్టి తర్వాత వెనక్కి తెచ్చుకుందాం అంటే కుదరదు, చేరేటప్పుడే చెప్పాలి. దానికి రేషన్ కార్డు సరిగా ఉండాలి. సెలవు మీద పోయినప్పుడు పెళ్ళిళ్ళు, పేరంటాళ్ళ మధ్య ఒక పూట రేషన్ దుకాణానికి పోయి ఈ-కేవైసీ, కొత్తగా పుట్టినవాళ్ళ పేర్లు చూసుకుని రండి.

ఇంకొకటి మనోళ్ళకు ఉండి కూడా తెలియనిది, ప్రవాసీ భారతీయ బీమా యోజన. పది పాస్ కానివాళ్ళు ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వస్తే ఆ పాలసీ తప్పనిసరిగా చేస్తారు. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375, పన్ను అదనం. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పనికి రాకుండా పోయినా 10 లక్షలు. దవాఖాన ఖర్చుకు లక్ష దాకా ఉంది. ఏజెంటు ఆ కాగితం ఇవ్వడు, మనమూ అడగం. మూడేళ్ళు అయినంక రెన్యువల్ చేసుకోవాలి, ఆన్‌లైన్‌లో అవుతుంది. విజిట్ వీసా మీద వచ్చి ఇక్కడ మార్చుకున్నవాళ్ళకు ఈ పాలసీ ఉండదు. అన్నదమ్ములను తెచ్చుకునేటప్పుడు ఇది గుర్తు పెట్టుకోండి.

ఏ బీమా లేనివాళ్ళకు పెద్ద ఆపద వస్తే కాన్సులేట్‌లో 2009 నుంచి సంక్షేమ నిధి ఉంది. ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం నంబరు 800 46342, ఉచితం. దుబాయి బీమా మీద ఫిర్యాదుకు 800 342.

మీటింగ్ అయినంక వెనక టేబుల్ దగ్గర నేను, మరో ఇద్దరు తమ్ముళ్ళు కూర్చుంటాం. ఎమిరేట్స్ ఐడీ, బీమా కార్డు తెచ్చుకోండి. మీ క్యాంపుకు దగ్గరలో మీ కార్డు నడిచే క్లినిక్ ఏదో చూసి, పేరు తెలుగులో రాసిస్తాం. భోజనాలు కూడా ఆ పక్కనే.