శతవార్షిక విందు – పిడికెడు బియ్యము
(స్త్రీల మైత్రి కూటములో చేసిన ప్రసంగము)



శతవార్షికోత్సవము దగ్గర పడింది. ప్రేమవిందు జరపాలి, సంఘనిధిలో ఉన్నది కొంచెమే. ఇంటికింత చందా వేద్దామని కొందరన్నారు. ఒకప్పుడు మనము అలాగే చేశాము. చందా ఇవ్వలేని రెండు కుటుంబాలవారు ఆనాడు ఆరాధనకు కూడ రాలేదు. కూలికి వెళ్ళామని చెప్పారు. ఆ మాట నన్ను నేటికీ బాధిస్తున్నది.

1912లో దోర్నకల్ ప్రథమ బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్యగారి మండలములో తల్లులు అన్నము వండే ముందు పిడికెడు బియ్యము దేవుని కొరకు వేరుగా తీసి ఉంచేవారు. మనమూ ఆ కుండను మళ్ళీ పెడదాము. 60 ఇండ్లవారు రోజుకు పిడికెడు చొప్పున తీస్తే 30 రోజులకు 1,800 పిడికెళ్ళు. 25 పిడికెళ్ళు కిలో అనుకుంటే 72 కిలోలు. నూరుమందికి సుమారు 15 కిలోలు చాలు గనుక 400 మందికి పైగా భోజనము సిద్ధమైనట్లే.

పప్పు, నూనె, కూరగాయలు కలిగినవారు తెచ్చి ఇవ్వండి. ఎవరెంత ఇచ్చారో చదివి వినిపించవద్దు. షామియానాకు బదులు తాటాకు పందిరి చాలు. వంట మనమే చేద్దాము. అప్పు మాత్రము వద్దు.

పిడికెడు బియ్యము కూడ లేని ఇల్లు ఉండవచ్చును. వారు వచ్చి మనతో కూర్చుని విస్తళ్ళు కుడితే అదే వారి కానుక. కానా వివాహములో పనివారు తెచ్చినవి నీళ్ళే గదా!

మొదటి పిలుపు ఆ రెండు ఇండ్లకే వెళ్ళాలి. నేను వెళ్తాను, నాతో ఎవరు వస్తారు?