రసీదు అడుగుదాం



హాస్టల్లో పిల్లల మంచిచెడ్డలు చూసే మాకు వాళ్ల ఇళ్ల కష్టాలూ తెలుస్తుంటాయి. సంక్రాంతి సెలవుల తర్వాత ఎనిమిదో తరగతి అమ్మాయి రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. ఎందుకమ్మా అంటే, "పోడు పట్టా ఇప్పిస్తానని ఒకాయన డబ్బు అడిగాడు మేడం. మేకను అమ్మడానికి నాన్నతో సంతకు వెళ్లాను" అంది. రసీదు ఇచ్చాడా అని అడిగాం. లేదంది. ఆ డబ్బు తీసుకున్నవాడు మనవాడే, ఇలాంటి హాస్టల్లోనే చదువుకున్నవాడే. ఆ రాత్రి మాకు అన్నం సహించలేదు.

ఈ బాధ కొత్తది కాదు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక మన్యంలో పోడుకు, పశువుల మేతకు ఆంక్షలు పెరిగాయి. సొంత అడవిలో బతకడానికి కింది ఉద్యోగి దయ కావలసి వచ్చింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ సరైన కూలి ఇవ్వకుండా మనవాళ్లతో రోడ్డు పనులు చేయించాడు. 1922 మన్యం పోరాటానికి ఆ కడుపుమంట కూడా ఒక కారణం.

చట్టం తెలిసినవాడికీ తెలియనివాడికీ మధ్య దూరం ఉన్నంతకాలం లంచం ఉంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం ఆ దూరం తగ్గించింది. హక్కు ఎవరిదో తేల్చే పని గ్రామసభలోనే మొదలవుతుంది. అటవీ హక్కుల కమిటీని ఎన్నుకునేది గ్రామసభే. అందులో కనీసం మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. దరఖాస్తు అందినట్టు కమిటీ రాసి ఇవ్వాలి. ఊరి పెద్దలు చెప్పింది రాసుకుంటే అదీ సాక్ష్యమే. పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా రావాలి. గ్రామసభ తీర్మానంతో అన్యాయం జరిగిందనుకుంటే 60 రోజుల్లో సబ్ డివిజన్ కమిటీకి చెప్పుకోవచ్చు. పరిశీలన పూర్తయ్యేదాకా సాగులో ఉన్నవాళ్లను ఖాళీ చేయించకూడదు.

మన తప్పూ ఒప్పుకోవాలి. సభ జరగకుండానే రిజిస్టరులో వేలిముద్రలు వేసిన ఊళ్లున్నాయి. మేమూ ప్రభుత్వ ఉద్యోగులమే. ఉద్యోగుల మీద కోపం పెంచాలని ఇది చెప్పడం లేదు. అడిగేవాళ్లుంటే నిజాయితీగా పనిచేసే ఉద్యోగికి కూడా బలం.

ఇప్పుడు మా హాస్టల్లో శనివారం సాయంత్రాలు పెద్ద పిల్లలతో దరఖాస్తు నింపడం, తీర్మానం చదవడం చేయిస్తున్నాం. ఆ అమ్మాయి వాళ్ల నాన్న దరఖాస్తు తానే రాసింది. పైసా ఖర్చు కాలేదు. ఈసారి కమిటీ రాసిచ్చిన రసీదు కూడా ఉంది.

ఈసారి గ్రామసభకు మీ పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. కాగితాన్ని మన భాషలో చెప్పించుకోండి. వినకుండా వేలిముద్ర వేయకండి.

సెలవు.