తేదీ, వేళ: సైనికుల లెక్క

కోనసీమ శుభలేఖలలో ‘బుధవారము రాత్రి తెల్లవారుజామున 3 గంటలకు, తెల్లవారితే గురువారము’ అను వ్రాత శ్రోతలకు పరిచితమే. మన పంచాంగపు దినము సూర్యోదయముతో మొదలగును; గడియారపు దినము అర్ధరాత్రి మారును. ఈ రెండు లెక్కల నడుమ బంధువులు చిక్కుపడకుండ పెద్దలు ఆ రెండు మాటలు చేర్చిరి. అయినను, ముహూర్తము తప్పిన చుట్టము భోజనమునకైన అందును. సైన్యమునందును సముద్రముపైనను అట్టి పొరపాటునకు ప్రాణములే మూల్యము.

అందుచేత సైనిక వార్తలలో తేదీని, వేళను ఒకే వరుసగా గ్రుచ్చి వ్రాయుదురు. మొదటి రెండంకెలు తేదీ. తరువాతి నాలుగు, 24 గంటల లెక్కపై, గంటయు నిమిషములును. పిమ్మట ఏ ప్రాంతపు కాలమో తెలుపు ఒక ఇంగ్లీషు అక్షరము. తుదకు నెల పేరు, సంవత్సరపు చివరి రెండంకెలు. నెలను అంకెతో గాక అక్షరములతో వ్రాయుటకు కారణము కలదు: 6-11 అనినచో మనకు నవంబరు 6, అమెరికావారికి జూన్ 11. అర్ధరాత్రి ఏ దినమునకు చెందునను తగవు రాకుండ, 2359 అనియో 0001 అనియో వ్రాయుట కద్దు.

‘జెడ్’ అక్షరము గ్రీనిచ్ రేఖ ననుసరించిన కాలమునకు గుర్తు. రేడియోలో దానిని ‘జులూ’ అని పలుకుదురు. మన దేశకాలమునకు ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖ కాకినాడకు చేరువగనే పోవుచున్నది. మన గడియారము జులూ కాలమునకు ఐదున్నర గంటలు ముందు. అక్షరములు పూర్తి గంటలకే ఏర్పడినవి గనుక, మన అరగంటకు సరిపడు అక్షరము వానిలో లేదు. పైగా గడియారములును మారుచుండును. యుద్ధకాలమున, 1942 సెప్టెంబరు 1 నుండి 1945 అక్టోబరు 15 వరకు, మన దేశమున గడియారములను ఒక గంట ముందునకు జరిపిరి. ‘ఉదయము 6 గంటలు’ అని మాత్రమే వ్రాసినచో, అది ఏ ఆరు?

1996 నవంబరు 6వ తేదీ రాత్రి సుమారు 9 గంటల 30 నిమిషములకు, కాకినాడకు దక్షిణమున 50 కిలోమీటర్ల దూరములో తుపాను తీరము దాటి కోనసీమను అతలాకుతలము చేసినది. వేయిమందికి పైగా అసువులు బాసిరి, కొబ్బరితోటలు నేలగూలినవి. ఆ వేళ సైనికుల లెక్కలో 061600జెడ్ నవంబరు 96. అట్టి వార్తలోని 1600ను చూచి సాయంత్రము నాలుగు గంటలని తలచినవాడు, ఆ వేళకు తుపాను రానందున గండము గడచినదని నమ్మి ఇల్లు చేరును. అసలు గాలి ఐదున్నర గంటల తరువాత వచ్చును. వాతావరణ శాఖవారు తమ తుపాను వార్తలలో రెండు కాలములను ప్రక్కప్రక్కనే ఇచ్చుట వలన ఈ ప్రమాదము తప్పును.

ఆ జాగ్రత్త కార్యాలయములతో ఆగిపోరాదు. హెచ్చరికను లంకలకు, సముద్రపుటొడ్డు పల్లెలకు చేరవేయువారు ‘రేపు రాత్రి’ అని ఊరకుండరాదు. నోటినుండి నోటికి పోవునంతలో ఆ ‘రేపు’ ‘ఈనాడు’ కావచ్చును. వారమును, తేదీని, గంటను చెప్పి, అది మన గడియారపు గంటయేనని తేల్చి చెప్పినప్పుడే ఆ వార్త పూర్తియగును.