స్కాన్ నార్మల్ అయితే మరి ఫిట్స్ ఎందుకు? మెదడులో మురుగు తీసే కణాల కథ

  ఈ ఎపిసోడ్‌లో మెదడు గురించి మాట్లాడుకుందాం. మెదడు అనగానే అందరూ న్యూరాన్ల గురించే చెబుతారు. నేను ఇవాళ వాటి పక్కనే ఉండి, వాటికి చాకిరీ చేసే కణాల గురించి చెబుతాను. ఎందుకు చెప్పాలనిపించిందో ముందు చెప్పేస్తాను.

పోయిన నెల ద్రాక్షారామం వెళ్ళాను. మా అక్కా బావా ఉండేది అక్కడే. భీమేశ్వరస్వామి దర్శనం చేసుకుని ఇంటికొచ్చేసరికి మా మేనకోడలు ఒక ఫైలు ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. దాని కొడుక్కి 11 ఏళ్ళు. ఈ ఏడాదిలో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. డాక్టరుగారు మాత్రలు రాశారు.

"మావయ్యా, ఎంఆర్ఐ తీయించాం. అంతా నార్మల్ అని రాసిచ్చారు. ఏమీ లేనప్పుడు రోజూ ఈ మాత్రలెందుకు చెప్పు? ఆపేద్దామనుకుంటున్నాను. బళ్ళో కూడా ఎవరికీ చెప్పలేదు" అంది.

నేను డాక్టర్ని కాదండి. కాలేజీలో జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. కానీ ఆ ప్రశ్న చాలా మంచి ప్రశ్న. స్కాన్‌లో ఏమీ లేదు, ఫిట్స్ మాత్రం వచ్చాయి. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి?

ఆ సాయంత్రం బావ చేను చూడ్డానికి బయల్దేరితే అమ్మాయిని కూడా రమ్మన్నాను. గట్టు మీద నిలబడి అడిగాను: "మన చేను ఎప్పుడు పోయింది అమ్మాయ్? నీళ్ళు రాకా, నీళ్ళు పోకా?" బావే అందుకున్నాడు: "నీళ్ళు రాక పోయింది ఎప్పుడు బావా మనకి? గుర్రపుడెక్క పట్టేసి మురుగు కదలకే సార్వా మునిగింది."

చూడండి, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాటన్ దొర పేరు మన పిల్లలకి కూడా తెలుసు. పంట కాలువలంటే మనకి గౌరవం. మురుగు కాలువని ఎవరు తల్చుకుంటారు? సప్త గోదావరుల్లో ఒకటని చెప్పుకునే తుల్యభాగ కూడా ఇవాళ మనకి మురుగు కాలువగానే తెలుసు. కానీ డెల్టా రైతుకి తెలుసు, నీళ్ళు పెట్టడం సగం వ్యవసాయం, తీయడం మిగతా సగం అని. మెదడులో కూడా సరిగ్గా ఇదే జరుగుతుంది.

మెదడులో ప్రతి కణానికీ చుట్టూ ఒక పల్చటి పొర ఉంటుంది. ఆ పొరలో ప్రోటీన్‌తో తయారైన చిన్న చిన్న తలుపులుంటాయి. వాటినే అయాన్ చానళ్ళు అంటారు. మన భాషలో తూములు అనుకోండి. సోడియానికి ఒక తూము, పొటాషియానికి ఒక తూము, కాల్షియానికి ఒక తూము. కణం బయట పొటాషియం లీటరుకి సుమారు 3 మిల్లీమోళ్ళు ఉంటే, లోపల దానికి 40 రెట్లకు పైగా ఉంటుంది. న్యూరాన్ ఒక సిగ్నల్ పంపిందంటే ముందు సోడియం లోపలికి దూకుతుంది, వెంటనే పొటాషియం బయటికొస్తుంది. ఇదంతా సెకనుని వెయ్యి భాగాలు చేస్తే అందులో ఒకటి రెండు భాగాల వ్యవహారం.

మరి బయటికొచ్చిన పొటాషియం ఏమవాలి? న్యూరాన్ల మధ్య జాగా చాలా ఇరుకు. అక్కడ పొటాషియం నిలవుంటే పక్కనున్న న్యూరాన్లు ఊరికే రెచ్చిపోతాయి. అవి రెచ్చిపోతే ఇంకా పొటాషియం బయటికొస్తుంది. అంటే మురుగే మురుగుని పెంచుతుంది. కాబట్టి దాన్ని ఎప్పటికప్పుడు తీసేవాళ్ళుండాలి. ఆ పనిచేసేవే ఆస్ట్రోసైట్లు. నక్షత్రం ఆకారంలో ఉంటాయి కాబట్టి ఆ పేరు.

ఈ జాతి కణాలన్నిటికీ కలిపి గ్లియా అని పేరు. గ్రీకులో గ్లియా అంటే జిగురు. 19వ శతాబ్దంలో జర్మన్ డాక్టర్ రుడాల్ఫ్ విర్కో పెట్టిన పేరు అది. న్యూరాన్లని అతికించి ఉంచే జిగురు, అంతే అనుకున్నారు. 2009లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు లెక్కగడితే మనిషి మెదడులో న్యూరాన్లు 8,600 కోట్లు, మిగతా కణాలు కూడా దాదాపు అన్నే ఉన్నాయని తేలింది. అంత జిగురు దేనికండి?

1966లో అమెరికాలో హార్వర్డ్ మెడికల్ స్కూలుకి చెందిన స్టీఫెన్ కఫ్లర్, జాన్ నికల్స్, రిచర్డ్ ఆర్కండ్ కలిసి ఒక ప్రయోగం ప్రచురించారు. మడ్‌పప్పీ అని నీళ్ళలో బతికే సాలమాండర్ జాతి జీవి ఒకటుంది. దాని కంటి నరంలో గ్లియా కణానికి సన్నటి ఎలక్ట్రోడ్ గుచ్చి, పక్కనున్న నరాన్ని ఉత్తేజపరిచారు. సిగ్నల్ పంపింది నరం, కానీ గ్లియా కణం వోల్టేజీ కూడా మారింది. కారణం వెతికితే నరంలోంచి బయటికొచ్చిన పొటాషియం అని తేలింది. అంటే జిగురు అనుకున్నది పక్కన జరుగుతున్నదంతా గమనిస్తోందన్నమాట.

తర్వాత ఆ తూము కూడా దొరికింది. దాని పేరు కేఐఆర్ 4.1. ఆస్ట్రోసైట్ గోడలో ఇది దండిగా ఉంటుంది. పొటాషియం పెరిగినచోట లోపలికి తీసుకుంటుంది. పైగా ఆస్ట్రోసైట్లు బోదెలు కలిపినట్టు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. అందుకని ఒకచోట తీసుకున్నది పక్క కణాలకి సర్దేస్తాయి. దీనికి తోడు సోడియం పొటాషియం పంపు అని ఒకటుంది. మోటారుకి కరెంటు ఎలాగో, ఆ పంపుకి ఏటీపీ అలాగ.

ఈ తూము చెడిపోతే? 2009లో కొన్ని కుటుంబాల పిల్లల్లో ఒక జబ్బు గుర్తించారు. పసితనం నుంచే ఫిట్స్, నడకలో తూలు, చెముడు, మూత్రంలో లవణాలు పోవడం. ఈస్ట్ సిండ్రోమ్ అంటారు. కారణం కేఐఆర్ 4.1ని తయారుచేసే జన్యువులో లోపం. ఇది చాలా అరుదు, మా మనవడికి ఉన్నది ఇది కాదు. అందరి ఫిట్స్‌కీ గ్లియానే కారణమనీ నేననను. కానీ ఆ పిల్లలు మనకొక సంగతి నేర్పారు. ఒక్క రకం తూము సరిగా లేకపోతే చాలు, ఫిట్స్ రావచ్చు.

ఇప్పుడు మా అమ్మాయి ప్రశ్నకి వద్దాం. ఎంఆర్ఐ ఏం చూస్తుంది? మెదడు ఆకారం చూస్తుంది. గడ్డ ఉందా, పాత దెబ్బ మచ్చ ఉందా అని చూస్తుంది. తూములు అందులో కనబడవు, అవి అంత చిన్నవి. విమానంలోంచి చూస్తే మన డెల్టా అంతా పచ్చగా, నార్మల్‌గానే ఉంటుంది. ఏ తూము పట్టేసిందో పైనుంచి ఎలా తెలుస్తుంది? నార్మల్ అంటే గడ్డలాంటిది లేదని శుభవార్త. ఫిట్స్ లేవని కాదు. మరి మాత్రలు చేసేదేమిటి? ఫెనిటాయిన్, కార్బమజెపిన్ లాంటివి న్యూరాన్ల సోడియం తూముల మీద పనిచేసి అదేపనిగా తెరుచుకోకుండా ఆపుతాయి. స్కాన్‌కి కనబడని చోటే మాత్ర పనిచేస్తోందన్నమాట.

ఇంకొక్క సంగతి చెప్పాలి, ఇది మన గోదావరి వాళ్ళకి ముచ్చటైన సంగతి. ఆస్ట్రోసైట్లు మురుగు తీయడమే కాదు, కబుర్లు కూడా పంపుకుంటాయి. 1990లో యేల్ శాస్త్రవేత్తలు గాజుపాత్రలో పెంచిన ఆస్ట్రోసైట్లకి గ్లుటమేట్ తగిలిస్తే, కాల్షియం ఒక కణం నుంచి ఇంకో కణానికి అలలా పాకింది. ఆ అల నెమ్మది, సెకనుకి 20 మైక్రాన్లు అటూ ఇటూ. అలాంటి అల ముందుకి వెళ్ళడానికి కణాలు బయటికి వదిలే పదార్థాల్లో ముఖ్యమైనది ఏటీపీ. పంపుకి ఇంధనమైనదే బయటికొస్తే సందేశమవుతుంది. మెదడులో దెబ్బ తగిలినచోట ఏటీపీ చిందితే, మైక్రోగ్లియా అనే కాపలా కణాలు నిమిషాల్లో అటువైపు చేతులు చాస్తాయి.

ఆ ఏటీపీని 1929లో మొదట గుర్తించిన వాళ్ళలో ఒకరు భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. సైరస్ ఫిస్క్‌తో కలిసి, అదే హార్వర్డ్ మెడికల్ స్కూల్లో. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నారు. సుబ్బారావుగారు 1948లో పోయారు. 1972లో జెఫ్రీ బర్న్‌స్టాక్ ఏటీపీ సందేశం కూడా మోస్తుందంటే చాలామంది చాలాకాలం నమ్మలేదు. గ్లియాదీ, మురుగు కాలువదీ, ఏటీపీదీ ఒకటే కథ చూడండి. చేసే పని కనబడకపోతే పని లేదనుకుంటాం.

ఇక ఆఖరిగా, దయచేసి ఇవి గుర్తుపెట్టుకోండి. ఎదురుగా ఎవరికైనా ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టకండి, దానివల్ల ఏ ఉపయోగమూ లేదు. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్ళు ఏమీ పెట్టకండి. కాళ్ళూ చేతులూ అదిమి పట్టకండి. చుట్టూ తగిలే వస్తువులు తీసేసి, తల కింద మెత్తటిదేదైనా పెట్టి, పక్కకి తిప్పి పడుకోబెట్టండి. గడియారం చూడండి. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్ళీ వచ్చినా 108కి ఫోన్ చేయండి. మాత్రలు సొంతంగా ఆపకండి. ఉన్నట్టుండి ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదముంది. సాధారణంగా కనీసం 2 ఏళ్ళు ఫిట్స్ లేకుండా గడిచాక, డాక్టరుగారే ఆలోచించి మెల్లగా తగ్గిస్తారు.

నేను బయల్దేరే ముందు మేనకోడలు ఒక మాటంది. "సోమవారం బడికెళ్ళి టీచరుగారికి చెప్తాను మావయ్యా. పక్కకి తిప్పి పడుకోబెట్టాలని కాయితం మీద రాసిస్తాను." వెళ్ళింది, రాసిచ్చింది కూడా. ఆ టీచరుగారు ఆ కాయితాన్ని స్టాఫ్‌రూమ్ గోడకి అంటించారట.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఇలాంటి పిల్లలుంటే దాచకండి, చెప్పండి.