పసిపిల్లలకు కరెంటు పాఠం

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. చదువు అనేది చాలా పెద్ద విషయం. అందులోంచి ఒక్క పాఠం మాత్రమే తీసుకుంటాను. నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు విద్యుత్ వలయం గురించి ఎలా చెప్పాలి, అందులో ఇంటి పెద్దల వంతు ఏమిటి అన్నదే నా విషయం.

నేను ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెబుతాను. ఉర్దూలో దీన్ని ‘బర్ఖీ దౌర్’ అంటాము. దౌర్ అంటే చుట్టు తిరగడం. తెలుగులో వలయం అంటే కడియం వంటిది. ఇంగ్లీషు ‘సర్క్యూట్’ కూడా చుట్టి రావడమనే అర్థమున్న లాటిన్ మాటనుంచే వచ్చింది. అంటే మూడు భాషలూ ఒకే సంగతి చెబుతున్నాయి. బయలుదేరిన చోటికి తిరిగి చేరే దారి వుంటేనే కరెంటు నడుస్తుంది. పాఠమంతా ఈ ఒక్క ముక్కలోనే వుంది.

ఈ ముక్కను కంఠస్థం చేయించడం సులువే. కాని అప్పజెప్పిన పిల్లవాడికే ఒక టార్చి సెల్లు, ఒక టార్చి బల్బు, జానెడు వైరు యిచ్చి వెలిగించమనండి. చాలామంది వైరు ఒక కొస సెల్లు టోపీకి, రెండో కొస బల్బు అడుగుకు తగిలిస్తారు. వెలగదు. “సార్, సెల్లు అయిపోయింది” అంటారు. ఆ తప్పు పిల్లలది కాదు. ఇంట్లో ఫ్యానుకైనా ఇస్త్రీ పెట్టెకైనా వెళ్లేది ఒక్క వైరులాగే కనబడుతుంది గదా! దాని లోపల విడివిడి వైర్లున్న సంగతి వాళ్లెప్పుడూ చూడలేదు.

పిల్లలదాకా ఎందుకు? 1997లో అమెరికాలో తీసిన ఒక డాక్యుమెంటరీలో, ప్రఖ్యాతమైన ఎం.ఐ.టి.లో పట్టా పుచ్చుకుంటున్న వారికి ఇదే సామాను యిచ్చి వెలిగించమన్నారు. వారిలోనూ కొందరు తడబడ్డారు. చేత్తో చేయని చదువు ఎంత పెద్దదైనా అంతే.

కాబట్టి తొందరపడి చెప్పేయకుండా పిల్లలను వెతకనివ్వాలి. బల్బుకు రెండు చోట్లున్నాయి. అడుగున చిన్న బొడిపె ఒకటి, పక్కనున్న లోహపు గోడ రెండవది. లోపలి సన్నని తీగె ఒక కొస బొడిపెకు, రెండో కొస గోడకు అంటి వుంటుంది. బల్బు బొడిపెను సెల్లు టోపీ మీద ఆనించి, సెల్లు అడుగునుంచి వైరు తెచ్చి బల్బు గోడకు తగిలిస్తే వెలుగుతుంది. తనంతట తాను వెలిగించిన పిల్ల ఆ పాఠం మరిచిపోదు.

ఇక రెండో అపోహ. కరెంటును బల్బు తినేస్తుందని పిల్లలనుకుంటారు. ఒకే దారిలో ఒకే రకం బల్బులు రెండు, వరుసగా కలిపి, ఏది ఎక్కువ వెలుగుతుందో ముందు చెప్పమనండి. “మొదటిదే సార్, దానికి ముందు అందుతుంది” అంటారు. వెలిగించి చూస్తే రెండూ మసకగానే, కాని సమానంగా వెలుగుతాయి. అప్పుడు సైకిలు చైను చూపించండి. పెడలు తొక్కితే చైనంతా ఒక్కసారే కదులుతుంది. చక్రం తిరిగినందుకు చైను లింకులు తరగవు. తరిగేది తొక్కేవాడి బలం. అలాగే సెల్లులోని శక్తి తరుగుతుందిగాని, దారిలో కరెంటు తగ్గదు. ఒక్క లింకు తెగితే మొత్తం ఆగిపోతుంది. స్విచ్చి చేసే పని కూడా దారి తెంచడం, కలపడమే.

ఇదంతా పరీక్షలో మార్కుల కోసమేనా? కాదు. పిల్లలు అడిగే ఒక ప్రశ్న వుంది: “ఒక్క వైరుతో బల్బు వెలగదంటారు, మరి ఒక్క వైరు ముట్టుకుంటే షాకు ఎందుకు కొడుతుంది?” జవాబు జాగ్రత్తగా చెప్పాలి. మన ఇళ్లకు వచ్చే కరెంటులో న్యూట్రల్ వైరును ట్రాన్స్‌ఫార్మరు దగ్గర భూమికి కలిపి వుంచుతారు. నేలమీద నిలబడి ఫేజు వైరు తాకితే, మన ఒళ్లు, కాళ్లకింది నేల కలిసి ఆ వలయాన్ని పూర్తి చేస్తాయి. రెండో వైరు మనమే అవుతాము. తడి చేతులు, తడి నేల అయితే ఆ దారి మరీ సులువు. పెళ్లి పందిళ్లకు సీరియల్ లైట్లు కట్టడానికి నిచ్చెనెక్కే మన కుర్రాళ్లకు ఈ సంగతి చిన్ననాడే తెలియాలి. వలయం తెలియడమంటే ప్రాణం కాపాడుకోవడం తెలియడం.

తల్లిదండ్రులకు కొన్ని జాగ్రత్తలు. ప్రయోగాలకు 1.5 వోల్టుల సెల్లులే వాడాలి. ఇంటి కరెంటు 230 వోల్టులు. దాని జోలికి పిల్లలను పోనీయకండి. సెల్లు రెండు కొసలను ఒట్టి వైరుతో కలిపి వుంచితే వేడెక్కి చేయి కాలుతుంది. బొత్తాం వంటి చిన్న సెల్లులను పసివాళ్లకు అందనీయవద్దు. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదముంది. అనుమానం వస్తే చాలు, వెంటనే ఆస్పత్రికి పరుగెత్తండి. టార్చి బల్బులు ఇప్పుడు అరుదు. ఎల్.ఇ.డి. దొరికితే రెండు సెల్లులకు ఎర్రది కలపండి. మధ్యలో వంద ఓముల రెసిస్టరు వేయాలి. పొడుగు కాలు టోపీవైపుకు రావాలి, తిరగేస్తే వెలగదు.

అమ్మలకు ప్రత్యేకంగా ఒక మనవి. “ఆడపిల్లకు వైర్లతో ఏం పని?” అనకండి. రేపు మిక్సీ, గీజరు, మోటారు స్విచ్చి ముట్టుకునేది ఆ చేతులే గదా!

ఖర్చు ఎక్కువవుతుందని భయం వద్దు. మధ్యప్రదేశ్‌లో 1972 నుంచి 2002 వరకు సాగిన హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమంలో పల్లెటూరి పిల్లలు చవక సామానుతోనే ప్రయోగాలు చేసి నేర్చుకున్నారు. మన సంఘం సాయంకాల తరగతులకు అయిదారు పెట్టెలు సమకూర్చితే చాలు. ఒక్కో పెట్టెలో సెల్లులు, బల్బులు, వైరు, పిన్నీసులు, ఒక తాళంచెవి, ఒక దువ్వెన. తాళంచెవి కరెంటును పోనిస్తుందా, దువ్వెన పోనిస్తుందా అన్నది పిల్లలే తేల్చుకుంటారు. వారిని చేయనిద్దాం, వెలగకపోతే మళ్లీ చేయనిద్దాం. మీ పక్కన కూర్చుని దగ్గరుండి చూడటానికి మాబోటి పంతుళ్లం సిద్ధంగా వున్నాము.