పట్టినదానివల్లనా, విడిచినదానివల్లనా?

(భవానీ దీక్షాధారులను ఉద్దేశించి చేసిన ప్రసంగపాఠం)



దీక్షామహిమను గురించి పెద్దలు ఎందరో ప్రసంగిస్తూ ఉంటారు. నేను ఈనాడు దీక్షలో ఉన్న దేహాన్ని గురించి మనవి చేయదలచాను. నేను వ్యాకరణం చదువుకున్నవాణ్ణి, వైద్యుణ్ణి కాను. అయితే చరక వాగ్భటుల గ్రంథాలను గురుముఖంగా కొంత విన్న భాగ్యం కలిగింది. ఇరవై ఏళ్లుగా రక్తపోటు మాత్ర వేసుకుంటున్న రోగిని కూడా.

బందరు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతాల నుండి ఎర్రని వస్త్రాలు ధరించి ఇంద్రకీలాద్రికి వచ్చే భవానీలలో అరవై దాటినవారు కూడా ఉంటారు. వారిలో చక్కెర వ్యాధి, రక్తపోటు, ఉబ్బసం ఉన్నవారు తక్కువేమీ కాదు. 41 రోజుల మండల దీక్ష గాని, 21 రోజుల అర్ధమండల దీక్ష గాని పట్టిన నాడే మద్యం, పొగాకు ఒక్కసారిగా మానుతారు. ఏకభుక్తం ఆరంభిస్తారు. కొందరు కాఫీ కూడా మానుతారు. మరికొందరు ‘అంతా అమ్మవారే చూసుకుంటుంది’ అని మాత్రలు సైతం పక్కన పెడతారు. రెండవనాడో మూడవనాడో తలనొప్పి, వణుకు, చెమట మొదలవుతాయి. ఇది పాత వ్యాధి లక్షణమా? వేసుకుంటున్న మందు వికటించిందా? లేక మానినదాని ఫలమా?

ఈ భేదం మన ప్రాచీనులకు తెలుసు. చికిత్స వికటించి కలిగే బాధను ‘వ్యాపత్తు’ అన్నారు. చరకసంహిత సిద్ధిస్థానంలో దీని విచారణ విస్తారంగా ఉంది. చిరకాలం సేవించినది దేహానికి ‘సాత్మ్యం’ అవుతుందని, దానిని హఠాత్తుగా విడిస్తే ఆ విడవడమే రోగకారణం కాగలదని వాగ్భటుడు హెచ్చరించాడు. అందుకే చెడ్డ అలవాటును సైతం పాదాంశిక క్రమంలో, అంటే నాలుగవ వంతు చొప్పున తగ్గించుకుంటూ, విడవమని చరకుడు సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో విధించాడు. హితమైనదానిని అలవరచుకోవడానికీ అదే క్రమం.

సులువైన ఉదాహరణ కాఫీ. నిత్యం తాగేవారు ఏకాదశినాడు మానితే సాయంకాలానికి తల పగిలిపోతుంది. ఉపవాసం పడలేదని అనుకుంటారు. నిజానికి అది కాఫీ మానిన నొప్పి. అర దినానికి గాని ఒక దినానికి గాని మొదలై, వారం పది రోజుల్లో తనంత తానే పోతుంది. పొగాకు మానినవారి చిరాకు, నిద్రలేమి మొదటి వారంలో తీవ్రంగా ఉండి, మూడు నాలుగు వారాల్లో సద్దుమణుగుతాయి. వీటిని ఓర్చుకోవడం తపస్సే.

అన్నింటినీ ఇలాగే ఓర్చుకోరాదు. ఏళ్ల తరబడి ప్రతిదినం విపరీతంగా మద్యం సేవించినవాడు ఒక్కసారిగా మానితే కొన్ని గంటల్లోనే వణుకు, చెమట మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండవ రోజు నుండి నాలుగవ రోజు లోపల మతి చలించి, లేనివి కనిపించవచ్చు. ఇది ప్రాణాపాయం. దీక్షావస్త్రాల్లో ఉన్నవాడు ఇలా ఊగుతూ, కేకలు వేస్తూ ఉంటే చూసేవారు పూనకమని హారతి పడతారు. అమ్మవారి ఆవేశాన్ని నేను కాదనను. కాని మొన్నటిదాకా తాగి నిన్న మానినవానికి హారతి కంటె ముందు 108 వాహనం కావాలి.

ఇక్కడే మరొక చిక్కు. ఆ మనిషికి చక్కెర వ్యాధి కూడా ఉండి, గ్లిమెపిరైడ్ వంటి మాత్ర వేసుకుని ఏకభుక్తం ఉంటే, రక్తంలో చక్కెర పడిపోయి అదే వణుకు, అదే చెమట, అదే మతిభ్రమ కలుగుతాయి. ఒకటి విడిచినదానివల్ల, రెండవది పట్టినదానివల్ల. కంటితో చూసి చెప్పడం అసాధ్యం. వేలికొనన ఒక రక్తపు బొట్టు తీసి పరీక్షిస్తే నిమిషంలో తెలుస్తుంది. 70 కంటె తక్కువ ఉండి, రోగికి స్పృహ ఉంటే వెంటనే పంచదార నీళ్లు ఇవ్వాలి. స్పృహ లేనివాని నోట ఏదీ పోయరాదు. వ్రతాన్ని భంగపరచనివి ఎనిమిదని ధర్మశాస్త్రకారులు లెక్కించారు. నీరు, పండ్లు, పాలతోపాటు ఔషధం కూడా అందులో ఉంది. కాబట్టి ప్రాణరక్షణకు పుచ్చుకున్నది దీక్షాభంగం కాదు.

మాత్రలు మానడం వేరొక ప్రమాదం. గుండెకు, రక్తపోటుకు ఇచ్చే అటెనొలాల్ వంటివి హఠాత్తుగా ఆపితే గుండెదడ, ఛాతీనొప్పి రావచ్చు. చాలాకాలం వాడిన స్టెరాయిడ్లు ఆపితే నీరసం, వాంతులు కలిగి మనిషి కుప్పకూలవచ్చు. నిద్రమాత్రలు ఆపితే మూర్ఛ కూడా రావచ్చు. విచిత్రమేమిటంటే, మనం ఏమి విడుస్తున్నామో మనకే తెలియకపోవచ్చు. 2015లో తెలంగాణలో కల్తీకల్లు దొరకక నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఎందరో వింతగా ప్రవర్తిస్తూ ఆసుపత్రుల పాలైనారు. వారు తాగింది కల్లు మాత్రమే కాదు, అందులో కలిపిన మత్తుమందు. మోకాళ్ల నొప్పులకు పేరు లేని పొట్లాలు వాడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అటువంటి పొడుల్లో స్టెరాయిడ్లు కలిసి ఉండటం కద్దు.

ఇక మందు వికటించిన లక్షణాలు: ఎనలాప్రిల్‌తో పొడిదగ్గు, ఆమ్లోడిపిన్‌తో చీలమండల వాపు, మెట్‌ఫార్మిన్‌తో కడుపులో వికారం కొందరికి కలుగుతాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్‌తో మూత్రం నారింజ రంగు పొందుతుంది, అది నిరపాయం. దానికి బెదిరి మందు మానితేనే అపాయం. పెదవులు, ముఖం వాచి ఊపిరాడకపోతే మాత్రం క్షణం ఆగరాదు.

మరి భేదం తెలిసేదెలా? రోగనిర్ణయానికి మనవారు చెప్పిన ఐదు ఉపాయాల్లో ‘ఉపశయం’ ఒకటి. దేనితో బాధ శమిస్తుందో దానిని బట్టి కారణం ఊహించడం. విడిచినదానిని తిరిగి పుచ్చుకుంటే శమించేది విడుపు బాధ. మందు ఆపితే శమించేది వ్యాపత్తు. కాని ఈ పరీక్ష వైద్యుడు చేయవలసినది, మనం ఇంట్లో చేయరాదు. మనం చేయదగినది ఒకటుంది. గోడ మీది పంచాంగం క్యాలెండరులో మూడు తేదీలు వ్రాయండి: ఏది ఎప్పుడు పట్టాము, ఏది ఎప్పుడు విడిచాము, బాధ ఎప్పుడు మొదలైంది. మోతాదు మార్చిన రోజు కూడా వ్రాయండి. కొన్ని మందుల దగ్గు వారాల తరువాత రావచ్చు కనుక పాత తేదీలు చెరపకండి. ఆ కాగితం వైద్యుని చేతిలో పెడితే సగం చిక్కు విడిపోతుంది.

దీక్షార్థులకు నా విన్నపం ఇదే. మాల వేసుకునే ముందు గురుస్వామిని దర్శించినట్లే, కొన్ని వారాల ముందుగా వైద్యుని దర్శించండి. మద్యం నిత్యమూ సేవించేవారు దాచకుండా చెప్పండి. ఆయన పర్యవేక్షణలో విడవడం ధైర్యలోపం కాదు. వ్యసన విముక్తికి 14446, పొగాకు మానడానికి 1800-11-2356 నంబర్లలో ఉచిత సలహా లభిస్తుంది. గురుస్వాములు సైతం తమ బృందంలో ఎవరు ఏ మందు వాడుతున్నారో, ఎవరు ఏమి మానారో తెలుసుకుని ఉండటం మంచిది. చెడ్డదానిని విడిచి ఆరోగ్యంతో ఇంటికి చేరినవాని దీక్షే సఫలమైన దీక్ష. జగన్మాత మీ అందరికీ ఆయురారోగ్యాలు ప్రసాదించుగాక!

స్వస్తి.